నా కడుపులోని మందు

నేను మందుని కాను, మందు డబ్బాని. ఈ ముక్క ముందే చెప్పుకోకపోతే జనం ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తారు. ఇనప రేకు, మీద తగరం పూత, మెడకు మర మూత, మూత లోపల గుండ్రటి అట్టబిళ్ల. ఒక పౌను తుపాకీ మందు నాలో పోసి ఇంగ్లండులో ఓడెక్కించారు. బొంబాయిలో దిగి, ఆబిడ్స్ దగ్గర ఓ తుపాకుల దుకాణంలో అద్దాల బీరువాలో కొన్నాళ్లు కూర్చుని, చివరికి ములుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతిలో పడ్డాను. లోపలి సరుకు బాగున్నన్నాళ్లు నేనూ బాగానే ఉన్నాను. అది చెడటం మొదలయ్యాక మొదట తిన్నది నన్నే.

నాలో ఉన్నది పాతకాలపు తుపాకీ మందు కాదు. సురేకారం, గంధకం, బొగ్గు నూరి కలిపే ఆ నల్లపొడి తడి తగలకుండా ఉంటే తరాల తరబడి అలాగే పడుంటుంది. నాలోది పత్తి. శుభ్రమైన దూదిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్ల కలయికలో ముంచితే చూడ్డానికి దూదిలాగే ఉంటుంది, నిప్పు చూపిస్తే మాత్రం మాయమైపోతుంది. బాసెల్‌లో ఉండే షోన్‌బైన్ 1846లో ఈ సంగతి లోకానికి చెప్పాడు. చెప్పిన మరుసటి ఏడే ఇంగ్లండులో దాన్ని తయారుచేస్తున్న ఫావర్‌షామ్ ఫ్యాక్టరీ పేలిపోయింది. దూదిలో మిగిలిపోయిన యాసిడ్‌ను ఓపిగ్గా కడిగి వదిలించాలని నేర్చుకోవడానికే మనుషులకు మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే దాన్ని ఆల్కహాలు, ఈథర్లతో ముద్దచేసి, పలచగా సాగదీసి, పలుకులుగా కోసి తుపాకీలో వాడేలా మలిచాడు. పేలిస్తే పొగ రాదు. కాల్చినవాడు ఎక్కడ నక్కాడో ఎదుటివాడికి తెలియదు. సైన్యాలన్నీ దాని వెంట పడ్డాయి. మన దగ్గర కూడా ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే నీలగిరుల్లో, అరువంకాడులో కార్డైట్ ఫ్యాక్టరీ వెలిసింది.

అయితే ఈ మందుకు పుట్టుకతోనే ఒక జబ్బుంది. పత్తికి తగిలించిన నైట్రో ముక్కలు బలవంతపు కాపురం చేస్తుంటాయి. రోజూ కొన్ని విడిపోతూనే ఉంటాయి. విడిపోయిన వాయువు తేమతో కలిసి యాసిడ్ అవుతుంది. ఆ యాసిడ్ పక్కవాటిని మరింత తొందరగా విడగొడుతుంది. అందుకే తయారుచేసేటప్పుడే నూటికి ఒక వంతు అటూ ఇటూగా డైఫినైల్ అమీన్ లాంటి పదార్థం కలుపుతారు. విడిపోయిన వాయువును అది ఎప్పటికప్పుడు పట్టి తనలో కలిపేసుకుంటుంది. ఆవకాయ మీద నూనె తేలినన్నాళ్లు జాడీకి ఢోకా లేనట్టే, అది మిగిలి ఉన్నన్నాళ్లు మందుకు ఢోకా లేదు. పెద్దాయన భార్యకు జాడీలోకి తొంగిచూస్తే నూనె ఎంతుందో తెలిసేది. నాలోకి తొంగిచూస్తే ఆ లెక్క ఎవరికీ తెలియదు. ఇదొక్కటీ మనుషులు అర్థం చేసుకుని ఉంటే నాకీ తుప్పు కడుపు వచ్చేది కాదు.

పెద్దాయనకు మాత్రం కొంత తెలుసు. పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఆయనది. కాగితపు తూటాలు తానే నింపుకునేవాడు: గొట్టంలో కొలత ప్రకారం మందు, మీద ఉన్నిబిళ్ల, దాని మీద గుళ్లు, పైన అట్ట పెట్టి అంచు మడవడం. నింపినవి తోలు బెల్టులో వరసగా గుచ్చేవాడు. ఏటా వానలు వెనకబట్టాక నన్ను వరండాలోకి తెచ్చేవాడు. తెల్లకాగితం మీద చిటికెడు పోసి కోడి ఈకతో అటూ ఇటూ కదిపేవాడు. గ్రాఫైట్ పూసిన బూడిదరంగు పలుకులు, ఒకదానికొకటి అంటకుండా, గలగలా జారేవి. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే స్పిరిట్ లాంటి సన్నని వాసన. కాసిని షాబాద్ బండ మీద పెట్టి అగ్గిపుల్ల ముట్టిస్తే పసుపుమంట నింపాదిగా పాకి, బూడిద కూడా సరిగా మిగలకుండా ఆరిపోయేది. "మంచిగనే ఉంది" అని మూత బిగించేవాడు. నిజం చెప్పాలంటే ఆ మంట పరీక్ష పెద్దగా ఏమీ చెప్పదు. సగం చెడ్డ మందు కూడా అంతే అందంగా కాలుతుంది. వాసన పరీక్ష మాత్రం కొంత నయం.

ఆయన హబ్సిగూడలో ఇల్లు కట్టేనాటికి ఉప్పల్ రోడ్డు మీద జనం తక్కువ, బండరాళ్లు ఎక్కువ. 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన లేబొరేటరీ అప్పటికే సీఎస్ఐఆర్ చేతికి వచ్చి రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది. ఇవాళ ఐఐసీటీ అంటున్నది దాన్నే. 1961లో ఎన్‌జీఆర్ఐ వచ్చింది. ఇంతమంది రసాయన శాస్త్రవేత్తలు నడిచి వెళ్లేంత దూరంలో ఉండి కూడా నా గురించి అడిగినవాడు లేడు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. వేట ముగిసింది. తుపాకీ ఇక ఎన్నికలొచ్చినప్పుడల్లా ఠాణాకు పోయి, అయ్యాక తిరిగొచ్చే వస్తువు అయింది. పెద్దాయన పోయాక కొడుకులు దాన్ని అప్పజెప్పి రసీదు తెచ్చుకున్నారు. దానికి లైసెన్సు పుస్తకం ఉంది, నంబరుంది, సంతకాలున్నాయి. నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సామాను సర్దుతూ ఎవరో వంటింటి సజ్జ మీదికి, పచ్చడి జాడీల వెనక్కి తోసేశారు.

మందును ఎక్కడ పెట్టకూడదో ఎవరైనా చూపించమంటే ఆ సజ్జ చూపిస్తే చాలు. మీద స్లాబు, కింద పొయ్యి. హైదరాబాదు మే నెల ఎండ 40 డిగ్రీలు దాటితే నేలన ఉన్నవాళ్లు ఉసూరుమంటారు. స్లాబు కింద, గాలాడని మూలలో ఉన్న రేకు డబ్బా సంగతి ఎవరడుగుతారు? వేడి పది డిగ్రీలు పెరిగితే మందు చెడే వేగం రెండింతలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే అవుతుంది. చల్లటి పొడి గదిలో మనిషి జీవితకాలం నిలిచే సరుకు అలాంటి చోట చాలా ముందే కాలం చేస్తుంది. "ఎన్నేళ్లయింది?" అని అడుగుతారు గానీ "ఎక్కడుంది?" అని అడగాలి.

ఈ పాఠం లోకం రక్తంతో నేర్చుకుంది. 1907 మార్చి 12న తూలాన్ రేవులో, మరమ్మతుకు డాక్‌లో ఉన్న ఫ్రెంచి యుద్ధనౌక ఇయెనా పేలి వంద మందికి పైగా చనిపోయారు. 1911 సెప్టెంబరు 25న అదే రేవులో లిబెర్తే పేలింది; దాదాపు మూడు వందల మంది పోయారు. శత్రువు గుండు తగల్లేదు. గోదాముల్లో నిల్వ ఉన్న వియే మందే చెడి, తనంత తాను వేడెక్కి అంటుకుందని తేల్చారు. ఆ మందులో అప్పట్లో కలిపిన అమైల్ ఆల్కహాలు నిలబెట్టలేకపోయింది. ఆ దెబ్బతోనే ఫ్రెంచివాళ్లు డైఫినైల్ అమీన్‌కు మారారు. నాది ఒక్క పౌను సరుకు, ఓడంత పేలుడు నావల్ల కాదు. వంటింట్లో సిలిండరు పక్కన ఒక్క పౌను చాలు.

నా లోపల ఏం జరిగిందో నేనే చెప్పాలి, ఇంకెవరికీ తెలియదు కనక. మొదట స్పిరిట్ వాసన పోయింది. తర్వాత చాలాకాలం ఏ వాసనా లేదు. ఆ మౌనమే మోసం. లోపల కాపలా పదార్థం అయిపోతోందన్న సంగతి వాసన లేకపోవడం వల్ల ఎవరికీ తెలియదు. అది తెలియాలంటే లేబొరేటరీలో క్రొమటోగ్రాఫ్ మీద ఎంత మిగిలిందో కొలవాల్సిందే. అది అయిపోయాక యాసిడ్ పొగ మొదలైంది. మూత కింద అట్టబిళ్ల పచ్చబడి, గోధుమరంగుకు తిరిగి, వేలు తగిలితే రాలేంత పెళుసైంది. మెడ దగ్గర అతుకుల్లో తగరం పూత లేచి తుప్పు పట్టింది. నా బయటి తుప్పు వానాకాలపు తేమది, దాంతో పనిలేదు. లోపలి తుప్పే రోగం గుర్తు.

పెద్దాయన మనవరాలు ఉస్మానియాలో కెమిస్ట్రీ చదువుతోంది. మెట్రోలో వచ్చి హబ్సిగూడ స్టేషన్లో దిగి నానమ్మను చూసిపోతుంటుంది. దసరాకు సజ్జ దులుపుతూ నన్ను దించింది. కదిపితే గలగల లేదు, గడ్డకట్టిన బెల్లంలా... వద్దులే, ముద్దగా కదిలింది. మూత కొంచెం తిప్పగానే ముక్కు మండింది.

"నానమ్మా, స్టవ్ బంద్ చెయ్యి."

"ఏందే, ఎలుక చచ్చిందా?"

"ఎలుక కాదు. తాత మందు."

అమ్మాయి చేసిన పని నాకు నచ్చింది. మూత బిగించలేదు, వదులు చేసి ఉంచింది; బిగిస్తే వేడి, వాయువు లోపలే పోగవుతాయి. చప్పుడు కాకుండా మేడ మీద నీడలోకి, గాలి తగిలేచోటికి తెచ్చింది. నన్ను క్యాంపస్‌కు మోసుకుపోలేదు. కాగితాలనే ఇంటికి తెచ్చింది. తడిపిన నీలి లిట్మస్ ముక్కను నా మూతి మీద, మందుకు తగలకుండా పట్టుకుంది. ఎర్రబడింది. తర్వాత స్టార్చి, పొటాషియం అయొడైడ్ పూసిన కాగితం. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెడరిక్ ఏబెల్ పెట్టిన పరీక్షలో మందును వేడినీళ్ల తొట్టిలో ఉంచి, పైన వేలాడే ఆ కాగితం మీద మచ్చ ఎన్ని నిమిషాలకు పడుతుందో చూస్తారు. ఫ్యాక్టరీల్లో మిథైల్ వయొలెట్ కాగితం వాడతారు, 134.5 డిగ్రీల వేడిలో ఊదారంగు కాగితం నీలమై, చివరికి లేత గులాబీకి తిరిగేదాకా గడియారం చూస్తారు. నా విషయంలో వేడీ అక్కర్లేదు, గడియారమూ అక్కర్లేదు. కాగితం పట్టుకుంటుండగానే నల్లగా నీలమైంది.

టార్చి వేసి లోపలికి చూసింది. పలుకుల మీద ఎర్రమట్టి లాంటి సన్నని దుమ్ము. అంచున చెమ్మ. ఆమె ఫోనులో ఎవరో స్నేహితురాలు "డబ్బా తుప్పు కావచ్చు కదా" అంది. కావచ్చు. తుప్పు దుమ్మూ, చెడిన మందు దుమ్మూ కంటికి ఒకేలా ఉంటాయి. కానీ ఉత్త తుప్పుకు ముక్కు మండదు, కాగితం రంగు మారదు. అనుమానం వస్తే చెడిందనే అనుకోవాలి. ఆ ఒక్క పౌను మిగిల్చుకుని ఎవరు బాగుపడతారు?

నానమ్మ పద్ధతి వేరు. "మోరీల పొయ్యరాదే." అమ్మాయి వద్దంది. చెత్తబండిలో వేద్దామంటే అదీ వద్దంది. 100కి ఫోన్ చేసింది. వచ్చినవాళ్లు నన్ను ఇసక బకెట్లో కూర్చోబెట్టి జీపెక్కించారు.

"ఇంకేమన్న ఉన్నయామ్మా, మందు, తూటాలు?"

"ఏం లెవ్వు సార్" అంది అమ్మాయి. నేను పలకగలిగితే అక్కడే పలికేదాన్ని.

ఊరి బయట గడ్డి లేని నేల మీద నా కడుపు ఖాళీ చేశారు. కుప్పగా కాదు, సన్నటి గీతలా, పలచగా. కుప్పపోసిన మందు వేరే రకంగా ప్రవర్తిస్తుంది. గాలి ఎటు వీస్తోందో చూసి, గాలి వచ్చే వైపు నిలబడి పొడవాటి కర్రతో అంటించారు. పసుపుమంట ఆ కొస నుంచి ఈ కొసకు బుస్సున పాకి అయిపోయింది. గోధుమరంగు పొగ కాస్త పక్కకు పోయింది. ఒక కుర్ర కానిస్టేబులు వీడియో తీశాడు, అంతకన్నా వింత ఏమీ జరగలేదు. తర్వాత నన్ను సోడా కలిపిన నీళ్లతో కడిగి, మళ్లీ ఎవరూ వాడకుండా మేకుతో రెండు చిల్లులు పొడిచి, కాగితం మీద "ఖాళీ డబ్బా, ఒకటి" అని రాసుకున్నారు.

సంతకం పూర్తికాకముందే ఫోన్ మోగింది. అమ్మాయి. నానమ్మకు ఇప్పుడు గుర్తొచ్చిందట: పట్టుచీరల కింద తోలు బెల్టు ఒకటుందని. తూటాల అడుగున ఇత్తడి పచ్చగా చిలుమెక్కిందనీ, ఒకటి పగిలి పలుకులు చీర మీద పడ్డాయనీ, చీరకు అక్కడ చిల్లు పడిందనీ చెబుతోంది. అదీ నా సరుకే.

"ముట్టుకోవద్దని చెప్పు" అన్నాడు పెద్ద ఆఫీసరు కుర్రాడితో. "బీరువా తలుపు తీసే ఉంచమను, ఫ్యాన్ వెయ్యొద్దను. ఒచ్చేస్తున్నమను."