గుంటెడు నేల, మీటరు గాలి

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న మన నడిగడ్డలో, విశేషించి వడ్డేపల్లి పరిసరములలో, భూమి ఎకరములుగా గుంటలుగా పుట్టి, ప్లాటైనప్పుడు గజములలో అమ్ముడుపోయి, మేస్త్రీ చేతికి వచ్చునప్పటికి అడుగులై, పురపాలక సంఘమునకు పెట్టు దరఖాస్తులో చదరపు మీటరులుగా పరిణమించును. ఇన్ని జన్మము లెత్తిన నేల తుదకు ఏ కొలతకు లోబడవలెనో తెలియక యజమానుడు తికమకపడుటయు, ఆ తికమకలో అతని గోడ పొరుగువాని గోడను కౌగిలించుకొనుటయు సహజమే.

ప్లాటులో నూటికి ఎంత వంతు కట్టవచ్చునో ఒక్క మాటలో చెప్పుమని అడుగువారు పెక్కురు. 2012 ఏప్రిల్ 7న నాటి ఉమ్మడి రాష్ట్రము వెలువరింపగా నేటికిని మన పట్టణములకు ఆధారమై నిలిచిన 168వ జీవోలో, సామాన్య నివాసగృహముల విషయమున, అట్టి శాతము కానరాదు. విడువవలసినది వారు చెప్పిరి. కట్టదగినది మన తీసివేతలకు వదలిరి. తీసివేతలలో మనవారు సమర్థులే గాని, విడువవలసినదానినే తీసివేయుదురు.

ఉదాహరణమునకు చదరముగా నున్న ఒక్క గుంటను చూతము. ముప్పదిమూడడుగుల పొడవు, అంతియే వెడల్పు, 121 గజములు, మీటరులలో 101.17. నూరు చదరపు మీటరుల లోపు ప్లాటులో ఏడు మీటరుల ఎత్తు మించని ఇంటికి ముందువైపున ఒకటిన్నర మీటరు సెట్‌బ్యాక్ విడిచిన చాలును. తక్కిన మూడు దిక్కుల గోడ హద్దుమీదనే లేవవచ్చును. నూరు దాటి రెండువందల లోపైనచో ముందు ఒకటిన్నర మీటరుతోపాటు మూడు ప్రక్కలను ఒక్కొక్క మీటరు ఖాళీ యుండవలెను. మన గుంట నూటిని దాటినది ఒక నులకమంచము పట్టునంత మేర మాత్రమే! ఆ మంచమెడు నేల అధికమైన పాపమునకు, తొమ్మిదివందల పైచిలుకు చదరపుటడుగుల ఇల్లు ఆరువందల యేబదియైదునకు దిగును. 48 గజములు వాయుదేవుని పాలగును. ఆ అదనపు మీటరును వీధికి దానమిచ్చి పుణ్యమును గదియు ఒక్కసారి గడించు ఉపాయము ఇంకను ఎవరికిని తోచకపోవుట వింత. పది మీటరుల ఎత్తున మూడంతస్తులు లేపినచో నష్టము పూడునని నియమజ్ఞు లందురు. నిజమే, ఆ మూడవ అంతస్తునకు సిమెంటు కూడ వారే పోయించినచో.

ఇందు నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపునది వేరొకటి కలదు. ఈ సీమ రైతు ప్రత్తివిత్తనములు పండించుటలో ప్రసిద్ధుడు. ఒక రకపు పుప్పొడి మరియొక రకమును తాకరాదని, చేనికిని చేనికిని నడుమ విడువవలసిన దూరమును కంపెనీవాడు కొలుచునప్పుడు నోరెత్తక విడుచును. అదే రైతు ఊరిలో ఇల్లు కట్టునప్పుడు, మూడడుగుల మూడంగుళముల ఖాళీ విడువుమన్నచో తన వంశమునకే గొడ్డలిపెట్టు వచ్చినట్లు విలపించును. ప్రత్తిపువ్వునకు గల ఏకాంతము మనుష్యునకు అక్కరలేదు కాబోలు. విడిచిన ఆ కాస్త సందులోనికిని ఏటేట మెట్లును, స్నానపుగదియు, పైనుండి బాల్కనీయు ప్రవేశించి, నాలుగేండ్లకు అది సందన్న జ్ఞాపకమును సయితము తుడిచివేయును.

ప్రభుత్వమువారు మాత్రము మనయందు అపారమైన విశ్వాసము గలవారు. 75 గజముల లోపు ప్లాటులో ఏడు మీటరులకు మించని ఇల్లు కట్టువానికి అనుమతియే అక్కరలేదు, ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేయించుకొనిన చాలునన్నారు; 600 గజముల వరకు, పది మీటరుల ఎత్తు వరకు, తన ప్రమాణపత్రమును తానే వ్రాసియిచ్చిన వానికి తక్షణమే అనుమతి యన్నారు. అబద్ధమని తేలినచో నోటీసైన నీయక కూల్చెదమనియు అన్నారు. టీఎస్‌-బీపాస్ అను ఈ ఏర్పాటు 2020 నవంబరు 16న మొదలుకాగా, నాలుగు దినములకే తుంగభద్రకు పుష్కరములు వచ్చి, అలంపురము ఘట్టములలో జనులు మునిగి లేచిరి. నదికి పుష్కరము పండ్రెండేండ్ల కొకమారు. అక్రమకట్టడముల పాపమును కడుగు పుష్కరమునకు అంత ఓపిక పనిలేదు. 2007 డిసెంబరు 31న ఒక అపరాధరుసుము పథకము, 2015 నవంబరులో ఒక క్రమబద్ధీకరణ పథకము వచ్చినవి. రెండవదానిలో మునిగినవారు హైకోర్టు వ్యాజ్యమువలన గట్టు చేరలేక నీటిలోనే నిలిచిరి. నియమము నెరిగి ఖాళీ విడిచిన అమాయకునకు మాత్రము ఏ పథకమునందును స్నానము లేదు.

ఈ స్థితిలో టౌన్‌ప్లానింగు అధికారి చేతనున్న టేపును వాస్తు సిద్ధాంతి కిచ్చుట మేలని నా ప్రతిపాదన. చట్టము మీటరు విడువుమన్న అడుగును విడువనివాడు, సిద్ధాంతి ఈశాన్యము మూసుకొన్నదని కనుబొమ చిట్లించినంతనే, పోసిన పిల్లరునైనను పడగొట్టును. తనిఖీ అక్కరలేదు, జరిమానా అక్కరలేదు, పైపెచ్చు సంభావన తానే యిచ్చును. ఒక్కటే చిక్కు. ఉత్తరమునను తూర్పునను ఎక్కువ విడిచి, దక్షిణ పశ్చిమములను హద్దున కానించుమని సిద్ధాంతుల ఉపదేశము. కావున వీధి యంతయు వాస్తును పాటించినచో ప్రతి రెండిండ్ల నడుమ ఒక్కని ఖాళీ మాత్రము మిగులును. జీవోలో కోరినది ఇద్దరిది. సగమైన దక్కుటకు పురపాలక సంఘమువారు సమ్మతింతురేమో కనుగొనవలెను.