పక్కన మనిషి లేని ఫోను

మా చందర్లపాడులో ఇప్పుడు సాయంత్రం ఐదింటికి బజారులోకి వస్తే పిల్లల అలికిడి వినపడదు. బడి వదిలి ఎంతసేపయినా, సంచులు ఇళ్లకు చేరినా, పిల్లలు మాత్రం గడప దాటి రారు. మా రోజుల్లో ఆ వేళకు పిల్లాడు ఇంట్లో ఉన్నాడంటే వాడికి ఒళ్లు కాలిపోయే జ్వరమన్నా వచ్చి ఉండాలి, వాళ్ల నాన్న గదిలో పెట్టి గొళ్లెమన్నా వేసి ఉండాలి. బిళ్ళంగోడు ఒక మూల, ఏడుపెంకులాట ఒక మూల, అరుగుల మీద ఆడపిల్లల అచ్చనగాయలు. ఆ గోల భరించలేక పెద్దవాళ్లు కేకలేసేవాళ్లు. ఇప్పుడు కేకలేద్దామన్నా గోల చేసేవాళ్లేరీ? ఎక్కడన్నా నలుగురు పిల్లలు కలిసి కూర్చుంటే, ఎవడి ఫోనులోకి వాడు తల దూర్చి ఉంటున్నాడు. చూస్తుంటే ఒళ్లు మండుతోంది. అయితే నా కోపం పిల్లల మీద కంటే పెద్దవాళ్ల మీదే ఎక్కువ. ఎందుకో చెబుతాను.

మా తరం యంత్రాలు ఎరగనిదేం కాదు. విజయవాడలో రేడియో కేంద్రం 1948లోనే మొదలైంది. పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గర పెద్దలు పొలం కబుర్లు వింటుంటే, మేం వాళ్ల మోకాళ్ల దగ్గర చేరేవాళ్లం. రేడియో అన్నయ్య, అక్కయ్య అని లోకమంతా పిలుచుకున్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల చేతే పాడించారు, మాట్లాడించారు, నాటకాలు వేయించారు. అది విన్న పిల్లలకు మర్నాడు బడిలో తామూ ఒక నాటకం కట్టాలనిపించేది. రేడియో ఊరందరిదీ. అర్థం కాని మాట వస్తే, చెప్పే పెద్దాయన పక్కనే ఉండేవాడు.

టీవీ మన పల్లెలకు మొదట వచ్చిన తీరు కూడా అదే. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అడిగి తెచ్చుకుని, మన ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో టీవీలు పెట్టింది. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున పూట బడిపిల్లల కోసం కార్యక్రమాలు, సాయంత్రం ఊరందరి కోసం సేద్యం, ఆరోగ్యం కబుర్లు. ఊరికి ఒక్క పెట్టె, దాని ముందు అందరూ. ఆ భాగ్యం మా ఊరికి పట్టలేదు. మేం టీవీ చూడటానికి చాలా ఏళ్లు పట్టింది. 1987లో ఆదివారం పొద్దున హిందీ రామాయణం వేస్తే, టీవీ ఉన్న ఇంటికి వీధి వీధంతా చేరింది. పిల్లలకు హిందీ ఒక్క ముక్క రాదు. మా అమ్మ చాప మీద కూర్చుని, తెర మీద బొమ్మ చూస్తూ, "ఇప్పుడు కైకమ్మ రెండు వరాలు అడుగుతోందిరా, చూడండి" అంటూ కథంతా తెలుగులో చెప్పుకుపోయేది. "ఎందుకడిగింది మామ్మా?" అని ఒకడంటే, దానికో పిట్టకథ. పిల్లలు టీవీ చూశారు, మామ్మ మాటా విన్నారు. ఆ మాట వల్లనే వాళ్లకు రామాయణం తెలిసింది.

ఇప్పుడు సంగతి చూడండి. మా వీధిలో రెండేళ్లు నిండని బుడ్డాడికి అన్నం పెట్టే తీరు రోజూ చూస్తున్నాను. స్టీలు చెంబుకు ఫోను ఆనించి, అందులో రంగుల బొమ్మలు పెట్టి, తల్లి ముద్ద కలిపి నోటికందిస్తుంది. వాడి కళ్లు బొమ్మ మీదినుంచి కదలవు. నోరు దానంతటదే తెరుచుకుంటుంది. పప్పన్నం తిన్నాడో పెరుగన్నం తిన్నాడో వాడికి తెలియదు. ఫోను పక్కకు తీస్తే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తాడు. "ఏం చెయ్యమంటావు పెదనాన్నా, ఇది లేకపోతే ముద్ద ముట్టడు" అంటుంది ఆ అమ్మాయి. ఆమెను ఎట్టా తప్పుపట్టను? మొగుడు మిరప తోటలో ఉంటాడు, అత్తగారు ఇంకో కొడుకు దగ్గర ఉంటుంది, ఇంటిపనంతా ఒక్కతే చేసుకోవాలి. మా ఇళ్లల్లో బుడ్డాడికి అన్నం తినిపించడానికి ఎప్పుడూ ఎవరో ఒకరుండేవాళ్లు. గేదెను చూపించి, కోడిని పిలిచి, వాడన్న ప్రతి ముక్కకూ బదులు చెప్పేవాళ్లు. మాటలు అట్టా వచ్చాయి మాకు.

ఇది ముసలివాడి చాదస్తమని కొట్టిపారేయకండి. అమెరికాలో పెట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త 2003లో ఒక పరిశోధన ప్రకటించింది. తొమ్మిది నెలల పిల్లలకు చీనా భాష వినిపించారు. కొందరితో ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడింది, కొందరికి అవే మాటలు టీవీలో పెట్టారు. మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాష ధ్వనులను పోల్చుకోగలిగారు. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఏమీ అంటలేదు. పసివాడికి మాట రావాలంటే వాడి కళ్లలోకి చూసి, వాడు ఊ అంటే ఆ అనే మనిషి కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లు నిండే దాకా తెరే వద్దంది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదు, అంతకంటే తగ్గితే మరీ మంచిది అంది.

చేతుల సంగతి చెబుతాను. వేసవిలో ముంజలు జుర్రుకుని కాయ పారేసేవాళ్లం కాదు. రెండు కాయలు సమానమైనవి ఏరుకుని, వాటి నడుమ గట్టి పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోస్తే బండి. వినడానికి తేలికే. పుల్ల సరిగ్గా మధ్యలో దిగకపోతే బండి కుంటుతుంది. ఒక కాయ పెద్దదైతే ఒక పక్కకే లాగుతుంది. పంగ మరీ బిగుతైతే తిరగదు, వదులైతే జారిపోతుంది. పాడుచేసి మళ్లీ చేసి, చివరికి బజారు చివరిదాకా పరుగెత్తించేవాళ్లం. ఇరుసంటే ఏమిటో, రాపిడంటే ఏమిటో పుస్తకంలో చదవక ముందే మా చేతులకు తెలుసు. ఇప్పటి పిల్లాడు ఫోనులో కారు నడుపుతాడు. అది గోడకు గుద్దుకున్నా వాడేమీ బాగుచేయనక్కర్లేదు, ఒక్క నొక్కు నొక్కితే కొత్త కారు వస్తుంది. విసుగు పుట్టినప్పుడు ఏదో ఒకటి తయారుచేసుకునే తెలివి ఎక్కడినుంచి వస్తుంది?

కళ్లకూ ఎండ కావాలి. తైవాన్‌లో పిల్లల దూరపు చూపు ఏటికేడాది దెబ్బతింటుంటే, 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకు రెండు గంటలు ఆరుబయట తిప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చూపు లోపాలు తగ్గుముఖం పట్టాయి. పట్టపగటి వెలుతురు కంటిగుడ్డు అతిగా సాగకుండా కాపాడుతుందని డాక్టర్లు చెబుతున్నారు. మన మెట్టలో ఎండకు కరువా?

ఇంత మాట అన్నాక రెండో పక్క కూడా చెప్పాలి. మా రోజులన్నీ బంగారమని నేననను. పత్తి తీతలు, మిరపకాయల కోతలు వస్తే పిల్లల్ని బడి మాన్పించేవాళ్లు. నాకంటే చురుకైన ఆడపిల్లల్ని ఐదో తరగతితో ఆపేశారు. లెక్కల మాస్టారు బదిలీ అయి వెళ్లిపోతే, కొత్తాయన వచ్చేదాకా లెక్కలు చెప్పే దిక్కే లేదు. ఈరోజు అట్టా కాదు. అర్థం కాని పాఠాన్ని పిల్ల ఫోనులో మళ్లీ మళ్లీ వినగలదు, సిగ్గుపడనక్కర్లేదు. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి మార్కులతోనే పల్లె పిల్లలు అందులో సీటు తెచ్చుకుని, కంప్యూటర్ మీద చదువుకుంటున్నారు. కూలి చేసుకునే ఇంటి పిల్ల ఇంజనీరు అవుతోందంటే ఆ యంత్రానికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతుంటే దేశమంతా తెరల ముందు కూర్చుంది. పిల్లలూ పెద్దలూ కలిసి చప్పట్లు కొట్టారు. అదీ తెరే. కానీ ఆ సాయంత్రం పిల్లాడి పక్కన మనిషి ఉన్నాడు.

కరోనా వచ్చి 2020 మార్చిలో బళ్లు మూసేసినప్పుడు ఈ తేడా కళ్లకు కట్టింది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు చెప్పారు, ఫోనుల్లో క్లాసులు పెట్టారు. పక్కన కూర్చుని చదివించే మనిషి ఉన్న ఇంట్లో పిల్లలు నిలదొక్కుకున్నారు, లేని ఇంట్లో వెనకబడ్డారు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు, లోపల బైజూస్ అనే కంపెనీ పాఠాలు పెట్టారు. 2024లో ఆ కంపెనీ దివాలా విచారణకు వెళ్లింది. కంపెనీలు వస్తాయి, పోతాయి. పిల్లాడి మొహం చూసి "నీకు అర్థం కాలేదు కదరా, ఇటు రా" అనగలిగిన టీచరును, తల్లిని, తాతను ఏ పెట్టెలోనూ పెట్టి ఇవ్వలేరు.

ఆస్ట్రేలియా పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం చేసి, 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తోంది. చట్టం కంపెనీ మెడ వంచగలదేమో, భోజనాల దగ్గర ఫోను పక్కన పెట్టించలేదు. అది మనమే చెయ్యాలి. నాన్న మంచమెక్కి రీల్స్ చూస్తూ కొడుకును "పుస్తకం తియ్యరా" అంటే వాడెందుకు తీస్తాడు?

అందుకే మా ఊరివాళ్లను అడుగుతున్నాను. అన్నం తినేచోటికి, పడుకునే మంచం మీదికి ఫోను రానివ్వకండి, మీది కూడా. పిల్లాడు ఏది చూసినా పక్కన కూర్చుని చూడండి, చూశాక వాడి నోటితో చెప్పించండి. కృష్ణ ఒడ్డున మన గుడిమెట్ల ఉంది, చాగి రాజుల కోట ఆనవాళ్లున్నాయి. మమ్మల్ని మాస్టారు నడిపించుకుపోయి చూపించారు. మీరు బండి మీద తీసుకుపోండి, ఫోను కూడా పట్టుకుపోండి. వాడిచేత ఫొటోలు తీయించండి, ఇంటికొచ్చి ఆ రాజులెవరో ఇద్దరూ కలిసి వెతకండి. ఆ ఫోను అప్పుడు చదువు చెబుతుంది.

పిల్లాడికి ఫోను కొనడానికి అప్పులు చేస్తున్నాం. దాంతో పాటు రోజుకో గంట మన కాలం కూడా ఇవ్వాలి. ఆ గంట ఇవ్వలేని ఇంట్లో ఎంత ఖరీదైన ఫోనున్నా పిల్లాడు ఎదగడు. ఇచ్చే ఇంట్లో గీతలు పడ్డ పాత ఫోనయినా చాలు.