గార్డుగారి మార్కెట్ ఆర్డరు

బిలాస్‌పూర్ తెలిపారా రోడ్డులో మిక్సీ కొనాలంటే గార్డుగారికి ఒక పూట పడుతుంది. మొదటి దుకాణంలో ధర అడుగుతారు. రెండో దుకాణంలో మొదటి దుకాణం ధర చెబుతారు, అదీ కొంచెం తగ్గించి. మూడో దాంట్లో ‘వద్దులే’ అని లేచి గుమ్మం దాకా నడుస్తారు. వెనక్కి పిలిచాకే అసలు బేరం మొదలు. హిందీలో సాగుతున్న బేరం ముదిరితే భార్యతో తెలుగులో సంప్రదింపులు జరుపుతారు, దుకాణదారుకు తెలుగు రాదన్న ధీమాతో. తరాలుగా రైల్వే తెలుగువాళ్ళకు సరుకమ్ముకుని బతుకుతున్న సేఠ్‌కి ‘ఇంకో యాభై తగ్గించమను’ అన్న ముక్క అర్థం కాకపోవడమేమిటి!

అంతటి మనిషి యాభై వేల పైచిలుకు పెట్టి ఒక ఈటీఎఫ్ కొన్నప్పుడు ఎవర్నీ ఏమీ అడగలేదు. ఫోన్లో ‘మార్కెట్’ అని ఉన్నచోట నొక్కారు, అయిపోయింది.

బిలాస్‌పూర్‌లో గార్డుగారి లాంటి వాళ్ళు తక్కువేం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటి నుంచీ ఉత్తరాంధ్ర నుంచి కొలువుల కోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలున్నాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూరే కేంద్రమయ్యాక ఊరికి ఇంకాస్త దర్జా వచ్చింది. చుట్టాల పెళ్ళికి విశాఖ వెళ్ళే ఎక్స్‌ప్రెస్సు, మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి ఎక్స్‌ప్రెస్సు ఉండనే ఉన్నాయి. 2022లో రైల్వే బోర్డు ‘గార్డు’ పేరు తీసేసి ‘ట్రైన్ మేనేజర్’ అంది. అప్పటికే రిటైరైన మన కథానాయకుడికి ఆ హోదా అందలేదు. వీధిలో పిల్లాడి నుంచి పాలవాడి దాకా అందరికీ ఆయన గార్డుగారే.

రిటైర్మెంటు డబ్బులో చాలా వరకు బ్యాంకు డిపాజిట్లో ఉంది. కొంత తీసి షేర్లలో పెట్టమని బావమరిది సలహా. విడి షేర్లంటే భయం కనుక ఈటీఎఫ్ అన్నాడు. మొత్తం సూచీనే ఒక యూనిట్‌గా కట్టి, షేరులాగే ఎక్స్చేంజీలో కొని అమ్ముకునే ఏర్పాటిది. అమెరికాలో 1993లో ఎస్ అండ్ పీ 500 సూచీ మీద మొదలై, మన దేశానికి 2001 డిసెంబర్లో బెంచ్‌మార్క్ సంస్థ తెచ్చిన నిఫ్టీ బీస్‌తో వచ్చింది. ఆ సంస్థ తర్వాత గోల్డ్‌మన్ సాక్స్‌కి, అక్కణ్ణుంచి రిలయన్స్‌కి, ఇప్పుడు నిప్పన్‌కి చేరింది. ఇన్ని చేతులు మారినా పథకం మాత్రం నడుస్తూనే ఉంది.

గార్డుగారు ఖర్చు రేటు దగ్గర ఎంత పట్టుదల చూపించారో చెప్పాలి. ఫండ్ సంస్థ ఏటా వసూలు చేసే రుసుము అది. ఒకదానికి 0.07 శాతం, ఇంకోదానికి 0.05 శాతం. కళ్ళజోడు తుడుచుకుని మరీ పోల్చి, 0.05 ఉన్నదాన్నే పట్టుకున్నారు. ‘రెండు పైసలు మిగిల్చాను’ అని భార్యకు చెప్పుకున్నారు కూడా. నూటికి రెండు పైసలు. లెక్క తప్పేమీ లేదు.

తప్పంతా ఆ తర్వాతి నిమిషంలో ఉంది. ఉదయం తొమ్మిదీ పదిహేనుకు మార్కెట్ తెరిచిందో లేదో ఆయన సిద్ధం. తెర మీద రెండు వరుసలు. ఎడమ పక్క కొనేవాళ్ళు, కుడి పక్క అమ్మేవాళ్ళు. కొంటామన్న వాళ్ళలో అందరికన్నా ఎక్కువ ఇస్తానన్నది 101.10. అమ్ముతామన్న వాళ్ళలో అందరికన్నా తక్కువకు ఇస్తానన్నది 103.40, ఆ ధరకు ఆరు వందల యూనిట్లు. లోపలున్న షేర్ల విలువను బట్టి యూనిట్ అసలు ధర ఎంతో చెప్పే ఐ-ఎన్‌ఏవీ ఆ సమయానికి 102.20. అది ఫండ్ సంస్థ వెబ్‌సైటులో కనిపిస్తూనే ఉంది, గార్డుగారి ఫోన్లో మాత్రం ఆ పేజీ తెరవలేదు. ఐదొందల యూనిట్లు, మార్కెట్ ఆర్డరు, అంటే అమ్మేవాళ్ళు అడిగిన ధరకే కొనెయ్ అని. ఖాతాలోంచి 51,700 పోయాయి.

“ఏటండీ, అప్పుడే నష్టం సూపిస్తంది?” అంది భార్య, భుజం మీదుగా తొంగి చూసి.

“మార్కెట్ పడిందే” అన్నారాయన హుందాగా.

మార్కెట్ ఎక్కడా పడలేదు. ఆ నిమిషంలో వెనక్కి అమ్మితే వచ్చేది 50,550. తేడా 1,150 రూపాయలు. బుధవారీ బజార్లో నలభైకి కొన్న కిలో టమాటాలను పది నిమిషాల తర్వాత అదే గంపకు తిరిగి ఇస్తే ఆ అమ్మి ముప్ఫై ఇస్తానంటుంది. ఆ పదీ ఎవరి పొట్ట నింపడానికో అందరికీ తెలుసు. ఇక్కడ అది తెర మీద రెండు అంకెల మధ్య ఖాళీగా కనిపిస్తుంది కనుక ఎవరికీ కనిపించదు. సగం కొన్నప్పుడు పోతుంది, మిగతా సగం అమ్మేటప్పుడు పోతుంది.

ఇప్పుడు ఆ 0.05 శాతాన్ని దీని పక్కన పెట్టి చూడండి. 51,700 మీద ఏడాదికి 26 రూపాయలు. ఫండ్ సంస్థ 1,150 రూపాయలు రాబట్టుకోవాలంటే నలభై నాలుగేళ్ళు పడుతుంది. ఒక మనిషి రైల్వేలో చేరి రిటైరయ్యేదాకా చేసే సర్వీసు కూడా అంత ఉండదు.

కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉన్న ఈ ఖాళీలో బతికేవాళ్ళను మార్కెట్ మేకర్లంటారు. ఇటు కొనడానికీ అటు అమ్మడానికీ ధర చెప్పి కూర్చోవడం వాళ్ళ పని. వాళ్ళ మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు. వాళ్ళు లేకపోతే అమ్మాలనుకున్న రోజున కొనే దిక్కుండదు. నిఫ్టీ బీస్ లాంటి పెద్దవాటిలో పోటీ ఎక్కువ, మామూలు రోజుల్లో ఆ ఖాళీ పైసల్లోనే ఉంటుంది. జనం పట్టించుకోని ఈటీఎఫ్‌లో అది రూపాయలవుతుంది. మార్కెట్ తెరిచిన మొదటి నిమిషాల్లో, షేర్ల ధరలే ఇంకా కుదురుకోనప్పుడు, ఇంకా పెరుగుతుంది. ప్రతి పథకానికీ కనీసం ఇద్దరు మార్కెట్ మేకర్లుండాలనీ, షేర్ల ఈటీఎఫ్‌లకు ఐ-ఎన్‌ఏవీని పదిహేను సెకన్లకు మించి ఆలస్యం కాకుండా చూపించాలనీ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022 మేలో ఆదేశించింది. చూపించడం వరకే సెబీ చేయగలదు. చూడటం గార్డుగారు చేయాలి.

న్యూజెర్సీలో ఉన్న మేనల్లుడు ఈ కథ విని ఫోన్లో నవ్వాడు. అక్కడ 1997 దాకా షేర్ల ధరలు డాలరులో ఎనిమిదో వంతు చొప్పున కదిలేవి, అంటే కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య కనీసం పన్నెండున్నర సెంట్లు. తర్వాత పదహారో వంతయింది, 2001 నాటికి సెంటుకు దిగింది. “అయినా మావయ్యా, 2015 ఆగస్టు 24 పొద్దున్న మార్కెట్ ఆర్డర్లు పెట్టినవాళ్ళను అడుగు” అన్నాడు. ఆ ఉదయం ఎస్ అండ్ పీ 500 సూచీ ఐదు శాతం చిల్లర పడితే, కొన్ని ఈటీఎఫ్‌లు మూడో వంతుకు పైగా కూలి, కాసేపట్లో మళ్ళీ లేచాయి. ఆ కాసేపట్లో ‘ఎంతకైనా అమ్మెయ్’ అని ఆర్డరు పెట్టినవాళ్ళకు నిజంగానే ఎంతకో అంతకు అమ్ముడుపోయాయి.

అమెరికా కబుర్లతో గార్డుగారికి పెద్దగా ఊరట కలగలేదు గానీ, వెండి సంగతి గుర్తొచ్చి కొంచెం తేరుకున్నారు. 2025 అక్టోబర్లో దీపావళికి ముందు వెండి కోసం జనం ఎగబడ్డారు. సరుకు దొరకలేదు. సిల్వర్ ఈటీఎఫ్‌లు అసలు విలువ కన్నా పది శాతం అటూఇటూగా ఎక్కువ ధరకు అమ్ముడయ్యాయి. కోటక్, ఎస్‌బీఐ, యూటీఐ లాంటి సంస్థలు తమ సిల్వర్ ఈటీఎఫ్‌లలోనే డబ్బు పెట్టే ఫండ్ ఆఫ్ ఫండ్లలో పెద్ద మొత్తాలు ఒకేసారి తీసుకోవడం కొన్నాళ్ళు ఆపేశాయి. నాస్‌డాక్ ఈటీఎఫ్‌లదీ ఇదే గోల, కారణం వేరు. విదేశాల్లో మ్యూచువల్ ఫండ్లు పెట్టగల డాలర్లకు పరిమితి ఉంది, అది నిండితే కొత్త యూనిట్లు పుట్టవు, ఉన్నవాటికే గిరాకీ. పైగా మన మార్కెట్ నడిచే వేళకు నాస్‌డాక్ నిద్రలో ఉంటుంది. అది తెరిచేది మన సాయంత్రం ఏడుకు, చలికాలంలో ఎనిమిదికి. పగలంతా మార్కెట్ మేకర్లు చెప్పేది అంచనా ధరే.

ఇక చిల్లర ఖర్చులు. ‘బ్రోకరేజీ సున్నా’ అన్న ప్రకటన చూసే గార్డుగారు ఖాతా తెరిచారు. బ్రోకరేజీ నిజంగానే సున్నా. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ 0.015 శాతం, అంటే ఎనిమిది రూపాయల లోపు. అమ్మినప్పుడు లావాదేవీ పన్ను రూపాయి కూడా ఉండదు. కానీ ఎంత కొంచెం అమ్మినా డీమాట్ ఖాతా నుంచి యూనిట్లు బయటికి పంపినందుకు చాలామంది బ్రోకర్లు పదిహేను, ఇరవై రూపాయలు పట్టుకుంటారు. యాభై వేలు అమ్మేవాడికి అది లెక్కలోకి రాదు. మనవడి పుట్టినరోజుకని ఐదొందల రూపాయల పాటి అమ్మిన గార్డుగారికి మూడు శాతానికి పైనే.

ఆయన భార్య డబ్బు సంగతి వేరు. బ్యాంకులో పనిచేసే పిల్ల చెబితే ఆవిడ అదే సూచీ మీదున్న, ఎక్స్చేంజీలో కాకుండా నేరుగా ఫండ్ సంస్థ దగ్గరే కొనే ఇండెక్స్ ఫండ్లో నెలనెలా వెయ్యి రూపాయలు వేస్తోంది. దాని ఖర్చు రేటు ఆయన ఈటీఎఫ్ కన్నా కాస్త ఎక్కువే. ఆ సంగతి గార్డుగారు ఇప్పటికీ ఆవిడకు గుర్తు చేస్తుంటారు.

మీరూ ఈటీఎఫ్ కొనే ఆలోచనలో ఉంటే మార్కెట్ తెరవగానే దూకకండి, పదిన్నర దాటనివ్వండి. ఐ-ఎన్‌ఏవీ ఎంతో చూసి, దానికి దగ్గరగా మీ ధర మీరే రాసి లిమిట్ ఆర్డరు పెట్టండి. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య రూపాయల తేడా కనిపిస్తే ఆ ఈటీఎఫ్‌ని వదిలేసి అదే సూచీ మీదున్న ఇండెక్స్ ఫండ్ కొనుక్కోండి. దానికి డీమాట్ అక్కర్లేదు, ఇవ్వడమూ పుచ్చుకోవడమూ ఎన్‌ఏవీకే, అంటే యూనిట్ అసలు విలువకే, లక్ష రూపాయల మీద స్టాంపు డ్యూటీ ఐదు రూపాయలు.