ఇంకా సిద్ధం కాలేదట

వలస పాలన పోయాక ఆఫ్రికా విమానయానంలో బాగా చెలామణి అయిన మాట "స్థానికులు ఇంకా సిద్ధం కాలేదు" అన్నది. దీన్ని కొలిచే సాధనమేదీ లేదు. సిద్ధమయ్యారో లేదో తేల్చవలసింది, వాళ్లు సిద్ధమైతే ఇంటికి పోవలసిన విదేశీ నిపుణుడే కాబట్టి ఫలితం ఎప్పుడూ ఒకటే.

కెప్టెన్‌గా నియమించాలంటే విమానం నడిపించిన అనుభవం ఉండాలి. అది రావాలంటే కాక్‌పిట్‌లో కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు దక్కాలి. అనుభవం లేనివాడికి ఎడమ సీటు ఇవ్వరు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు.

హ్యాంగర్‌లో పద్ధతి ఇంకా నాజూకైనది. డీసీ-3 విమానం ఇంజన్‌కు 14 సిలిండర్లు. వాటిని విప్పి, మసి తుడిచి, మళ్లీ బిగించేది స్థానిక మెకానిక్. విమానం ఎగరవచ్చని సంతకం పెట్టేది లైసెన్సున్న విదేశీ ఇంజనీరు. నైపుణ్యమంతా ఆ సంతకంలోనే ఉందని జీతాల పట్టిక చెబుతుంది. దానికి బంగళా, పిల్లల చదువు ఖర్చు, సెలవులకు స్వదేశం వెళ్లే టికెట్టూ కావాలి మరి.

1961లో 11 దేశాలు కలిసి ఎయిర్ ఆఫ్రిక్ పెట్టుకున్నాయి. తోక మీద జింక ఆఫ్రికాది, కాక్‌పిట్‌లో మాత్రం చాలాకాలం ఫ్రెంచివారే. స్థానికీకరణ ముందుగా జరిగేది ఛైర్మన్ కుర్చీలో. దానికి ఫ్లయింగ్ గంటలు అక్కర్లేదు, మంత్రిగారి దయ చాలు.

ఐదేళ్ల ఇటలీ ఆక్రమణ తప్ప వలస పాలన ఎరుగని ఇథియోపియాకూ ఈ నిరీక్షణ తప్పలేదు. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 1946లో అమెరికా సంస్థ టీడబ్ల్యూఏ నిర్వహణలో, అమెరికన్ పైలట్లతో ఎగిరింది. అంతా ఇథియోపియన్లే నడపాలన్న లక్ష్యం 1953 ఒప్పందంలోకి ఎక్కింది. 1957లో ఇథియోపియన్ పైలట్ అలెమయెహు అబెబె డీసీ-3 కెప్టెన్ అయ్యారు. సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉన్న అడిస్ అబాబాలో గాలి పలచన, టేకాఫ్ కష్టం. అయినా ఎడమ సీటులో మనిషి మారాడని విమానం మొరాయించిన దాఖలా లేదు.

ఆఫీసు గదులు అంతకన్నా ఎత్తున ఉన్నట్టున్నాయి. డిప్యూటీ జనరల్ మేనేజర్ గదికి ఇథియోపియన్ చేరేసరికి 1966 వచ్చింది, జనరల్ మేనేజర్ గదికి కల్నల్ సెమ్రెత్ మెధానె చేరేసరికి 1971. ఈలోగా సంస్థ పనికొచ్చే పని ఒకటి చేసింది: 1964లో సొంత పైలట్ల బడి తెరిచింది. ఇప్పుడు అడిస్ అబాబాలో శిక్షణ కోసం ఇతర దేశాల విద్యార్థులూ ఫీజు కట్టి చేరుతున్నారు.