ఫ్లెక్సీలో చోటు చాలని అయ్యవార్లు

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా వెళ్లేవాళ్లకి కాలక్షేపానికి పుస్తకం అక్కర్లేదు. దారి పొడుగునా ఫ్లెక్సీలే. వాటి అమరికకి ఒక శాస్త్రం ఉంది, వాస్తుకన్నా కఠినమైంది. పై వరసలో దేవుళ్లు, ఆ కింద నాయకులు, ఒక పక్కన నిలువెత్తున చేతులు జోడించి కరస్పాండెంటు గారు. మిగిలిన జాగాలో పరీక్ష రాసిన పిల్ల, పాస్‌పోర్టు సైజులో. ఆమె పక్కన ఉన్న అంకె ఆమె ముఖానికి నాలుగింతలు. మరి పాఠం చెప్పిన సార్లు ఎక్కడ? అడుగున, ఫ్లెక్సీ వేసిన కొట్టువాడి ఫోన్ నంబరు పక్కన, ‘ఉపాధ్యాయ బృందం’ అన్న రెండు మాటల్లో సర్దుకుని ఉంటారు. కొట్టువాడి నంబరైనా పది అంకెలుంటుంది. సార్లకి ఆ మాత్రం జాగా కూడా లేదు. ఈ పండగ వద్దని నేననడం లేదు. మన ఊళ్లలో పెళ్లికీ చావుకీ గృహప్రవేశానికీ ఫ్లెక్సీ వేస్తున్నప్పుడు చదువుకి వేస్తే తప్పేముంది? నా ఫిర్యాదల్లా పండగ ఎవరికి జరుగుతోందన్న దాని గురించే. బడి గెలుపు నలుగురు సార్లు కలిసి చేసే పని. మనం మాత్రం దాన్ని ఒక పిల్లకీ ఒక అంకెకీ కట్టబెట్టి, ఆ కలిసి చేసే పనిని ఎవరికీ అక్కర్లేనిదిగా చేస్తున్నాం.

లెక్కలోకే వద్దాం. మన పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు, ఆరువందల మార్కులు. చెప్పేవాళ్లు మాత్రం ఏడుగురు, ఎందుకంటే సైన్సుని భౌతికశాస్త్రం సారూ జీవశాస్త్రం మేడమూ సగం సగం పంచుకుంటారు. వాళ్లిద్దరి మార్కులూ ఒకే గళ్లో కలిసి పడాలి కాబట్టి, మొత్తం విద్యావ్యవస్థలో ప్రభుత్వం తప్పనిసరి చేసిన సహకారం అదొక్కటే అనుకోవచ్చు. వీళ్ల వెనక ఆరు నుంచి తొమ్మిది దాకా చెప్పినవాళ్లున్నారు. వాళ్ల వెనక, ఎక్కడో పల్లెలో, ఒకే గదిలో అయిదు తరగతులకీ చెబుతూ, ఆ పిల్ల చేత మొదటిసారి ‘అ’ దిద్దించిన ఎస్జీటీ, అంటే ప్రాథమిక బడి టీచరు, ఉన్నారు. పదేళ్ల తరవాత ఆ పిల్లకి ఎన్ని మార్కులొచ్చాయో ఆయనకి తెలిస్తే పేపర్లో చూసి తెలియాల్సిందే. మదనపల్లె మార్కెట్‌లో టమాటాకి రేటు పలికినప్పుడు వేలంపాటగాడు అందరికీ కనిపిస్తాడు, నారు పోసినవాడు కనిపించడు. మన ఫలితాల రోజు కూడా అంతే.

సరే, కనిపించకపోతే కొంపేం మునిగింది అనవచ్చు. జీతం వస్తోంది కదా! కానీ కనిపించని పనిని ఎవరూ చెయ్యరు. హైస్కూల్లో భౌతికశాస్త్రం సారు కటకాల సూత్రం చెబుతూ దూరాల విలోమాలని భిన్నాలుగా కూడమంటాడు. పిల్లలు నోరు తెరుస్తారు. ‘ఇది కూడా చెప్పలేదా మీ లెక్కల సారు’ అని ఈయన విసుక్కుంటాడు. స్టాఫ్ రూములో ఆ లెక్కల సారు మూడు అడుగుల దూరంలోనే కూర్చుని ఉంటాడు. ఇద్దరూ డీఏ బకాయిల గురించి, బదిలీల కౌన్సెలింగ్ గురించి, ఎండల గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. భిన్నాల ఊసు మాత్రం రాదు, ఎందుకంటే అది పిల్లల మీద చెప్పుకునే చాడీగా తప్ప, ఇద్దరూ కలిసి తీర్చుకోగల చిక్కుగా వాళ్లకి ఎవరూ చూపించలేదు. సార్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటే ఏమొస్తుందో కొలిచినవాళ్లున్నారు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు బడుల లెక్కలు తీసుకుని కిరాబో జాక్సన్, ఎలియాస్ బ్రూగ్మన్ అనే ఆర్థికవేత్తలు 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక బడిలోకి బాగా చెప్పే టీచరు వస్తే, అదే తరగతికి చెప్పే తక్కిన టీచర్ల పిల్లల మార్కులు కూడా పెరిగాయని తేలింది. ఎక్కువ లాభపడింది అనుభవం తక్కువున్న టీచర్లు. అంటే మంచి సారు తన తరగతి గదిలోనే కాదు, పక్క గదిలో కూడా పాఠం చెబుతున్నాడన్నమాట, గోడకి తెలియకుండా.

అమెరికా దాకా ఎందుకు, హార్స్లీ హిల్స్ మీద నిలబడి కిందికి చూస్తే చాలు. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులతో కలిసి తిరిగిన మల్లమ్మ అనే పిల్ల కథ ఇప్పటికీ అక్కడ చెబుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర ఎండకి తాళలేక పైన బంగళా కట్టుకున్నాడు. అంతే, నాలుగు వేల అడుగుల పైబడిన కొండంత కొండ ఆయన పేరున రాసుకుపోయింది. (పేరు ఎవరికి దక్కుతుందన్న విషయంలో ఈ ప్రాంతానికి పాత అనుభవమే ఉంది.) ఆ కొండకి దిగువన రిషివ్యాలీ ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చూపించిన చోట 1931 నుంచి నడుస్తున్న బడి. దాని పేరు దేశమంతా తెలుసు. కానీ నేను చెప్పేది ఆ రెసిడెన్షియల్ బడి గురించి కాదు, దాని చుట్టూ ఉన్న పల్లెల్లో, గుడిసెల పక్కన నడిచిన చిన్న చిన్న ఏకోపాధ్యాయ బడుల గురించి.

‘సహకరించుకోండి’ అంటే ఏకోపాధ్యాయుడు ఎవరితో సహకరించాలి, బోర్డుతోనా? ఈ ప్రశ్నకి జవాబు అక్కడి నుంచే వచ్చింది. ఒక్క గది, ఒక్క టీచరు, ఆరేళ్ల పిల్ల నుంచి పదకొండేళ్ల పిల్లాడి దాకా అందరూ ఒకే చాప మీద. వీళ్లకి తరగతి పుస్తకం పట్టుకుని పాఠం చెప్పడం మొదలెడితే ఒకరికి చెప్పేలోగా మిగతావాళ్లు గేదెల వెంట పోతారు. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులూ, ఆ పల్లెబడుల టీచర్లూ కూర్చుని ఏళ్ల తరబడి ఆ పుస్తకాలని ముక్కలు ముక్కలు చేశారు. పాఠాలన్నీ అట్టముక్కల కార్డులయ్యాయి. కార్డుల మీద బొమ్మ గుర్తులు, గోడ మీద నిచ్చెన. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుస్తుంది, తన కార్డు తనే తీసుకుని పోయి కూర్చుంటుంది. తెలిసిన పిల్ల తెలియని పిల్లకి చెబుతుంది. ఒక బడిలో పిల్లలకి ఎక్కని కార్డుని మరో బడి టీచరు మార్చి రాస్తుంది. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేసి, ఆ కొట్టేసినదాన్ని మూడోవారు బాగుచేసి, చివరికి ఒక పెట్టె తయారైంది. ‘పెట్టెలో బడి’ అని దానికి పేరు. ఆ పెట్టెలో ఏ కార్డు ఎవరు రాశారో విడదీసి చెప్పడం ఇప్పుడెవరి తరమూ కాదు. ఫ్లెక్సీ వెయ్యడానికి బొత్తిగా పనికిరాని విజయం.

ఆ పెట్టె ఎంత దూరం పోయిందో చూడండి. 1995లో కర్ణాటకలో, మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా ప్రభుత్వ టీచర్లు రిషివ్యాలీకి వచ్చి చూసి, వెళ్లి, తమ కన్నడంలో తమ కార్డులు తామే రాసుకున్నారు. అదే ‘నలి కలి’. తరవాత అది కర్ణాటక ప్రభుత్వ బడులంతటా పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కార్డుల చదువు కూడా ఇక్కడి విత్తనమే. నాలుగైదేళ్లకల్లా తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ చేరింది. కొండ దిగువ నుంచి ఒక అట్టపెట్టె అటు కావేరి దాకా, ఇటు సముద్రం దాకా వెళ్లింది. మదనపల్లెలో దానికి ఊరేగింపు జరగలేదు. ఎవరిని రథం మీద కూర్చోబెట్టాలో తేలకపోవడమే అందుకు కారణమని నా అనుమానం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేస్తే పాపం. మన రాష్ట్రంలోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి ఒక పెద్ద ప్రయోగం చేశారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనసు. వంద బడుల్లో ఏ టీచరుకి ఆ టీచరు, మరో వంద బడుల్లో బడి మొత్తానికి కలిపి. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. మొదటి ఏడాది రెండూ ఒక్కలాగే పనిచేశాయి, రెండో ఏడాదికి విడివిడి బోనసే ముందుకెళ్లింది. ‘చూశావా, సహకారం సహకారం అంటావు, సార్లకి ఎవరి డబ్బులు వాళ్లకిస్తేనే పని జరుగుతుంది’ అని ఎవరైనా దీన్ని నా మొహాన కొట్టవచ్చు. కొట్టనివ్వండి. ఆ ప్రయోగం కొలిచింది డబ్బు పంచుకోవడాన్ని, పని పంచుకోవడాన్ని కాదు. ముగ్గురికి కలిపి ఒక చెక్కు రాసిస్తే ముగ్గురూ కలిసి కూర్చుంటారని ఏ శాస్త్రంలో ఉంది? అన్నదమ్ములకి ఉమ్మడి ఆస్తి రాసిచ్చిన తండ్రులని అడగండి. కలిసి కూర్చోవడానికి ఒక చిక్కు కావాలి, దాన్ని విప్పడానికి గంట తీరిక కావాలి, విప్పితే తన పిల్లలకే లాభమన్న నమ్మకం కావాలి. ఆ బోనసులో ఈ మూడూ లేవు. పల్లెబడుల కార్డుల వెనక మూడూ ఉన్నాయి.

ఇంకో అభ్యంతరం సార్ల నుంచే వస్తుంది. ‘మాకు కాంప్లెక్స్ మీటింగులున్నాయి కదండీ.’ ఉన్నాయి, కాదనను. చుట్టుపక్కల బడులన్నిటినీ ఒక హైస్కూలుకి ముడివేసి టీచర్లందరూ కలవాలని 1964-66లో కొఠారి కమిషనే చెప్పింది, 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ చెప్పింది. మధ్యలో యాభై ఏళ్లు గడిచినా చెప్పాల్సి వచ్చిందంటేనే సంగతి అర్థమవుతుంది. మీటింగులో ఏం జరుగుతుంది? పైనుంచి వచ్చిన వీడియో ఒకటి ఆడుతుంది, సగం ఆడి ఆగుతుంది. ఎంఈఓ గారు వస్తారు, అందరూ లేస్తారు. ఏ ఫారం ఎప్పటిలోగా నింపాలో చెబుతారు, అందరూ రాసుకుంటారు. టీ, సమోసా. గ్రూపు ఫొటో. ఫొటోలో మాత్రం అందరూ ఎంతో సహకరిస్తున్నట్టే ఉంటారు. ఇందులో తప్పు సార్లది కాదు. వాళ్ల గదిలో పుట్టిన ప్రశ్న ఒక్కటీ ఆ ఎజెండాలో లేదు.

కుప్పం చుట్టుపక్కల ఒకటో తరగతి చెప్పే టీచరుని తీసుకోండి. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. చాప మీద కూర్చున్న పిల్లల్లో కొందరికి ఇంట్లో తమిళం, కొందరికి కన్నడం, మిగతావాళ్లకి తెలుగు, ఆ పైన బోర్డు మీద ఇంగ్లీషు. దీన్ని ఎలా నెట్టుకొస్తున్నావని అడిగి తెలుసుకోవాల్సింది విజయవాడలో శిక్షణ ఇచ్చేవారిని కాదు, నాలుగు కిలోమీటర్ల అవతల అదే తిప్పలు పడుతున్న పక్క ఊరి టీచరుని. ద్రవిడ భాషల కోసమే 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం కూడా కుప్పంలోనే ఉంది. ఆ టీచర్లు నెలకొకసారి దాని మెట్ల మీద కూర్చున్నా చాలు, భవనం లోపలికి కూడా వెళ్లనక్కర్లేదు. అక్కడికి దగ్గర్లోనే, గుడుపల్లె వైపు, అగస్త్య ఫౌండేషన్ వాళ్ల పెద్ద ప్రాంగణం ఉంది. ప్రయోగాల సామాను వ్యానులో వేసుకుని ఒక బడి తరవాత ఒక బడికి తిప్పడం వాళ్ల పని. బడికో ల్యాబ్ కొనలేనప్పుడు ఒకే ల్యాబ్ పది బడులకి తిరగవచ్చని వాళ్లు చేసి చూపించారు. అలాగే బడికో మంచి లెక్కల సారు దొరకనప్పుడు ఆ ఒక్క సారు పాఠమూ తిరగవచ్చు. జపానులో టీచర్లు చాలా కాలంగా చేస్తున్నది ఇదే. ఒకరు పాఠం చెబుతారు, మిగిలినవాళ్లు వెనక నిలబడి చూస్తారు, తరవాత అందరూ ఆ పాఠాన్ని విమర్శిస్తారు, చెప్పిన మనిషిని కాదు. మన దగ్గర ఇది కుదరదని కొందరంటారు, మనం మొదట మనిషితోనే మొదలెడతాం కాబట్టి. ఆ మాటలో కొంచెం నిజముంది.

‘అసలు కృష్ణమూర్తి పేరెత్తి పండగలంటావేమిటి, ఆయన బడిలో పోలికా పోటీ బహుమతీ కూడదన్నాడు కదా’ అనే పెద్దమనిషి ఎలాగూ ఒకరుంటారు. నిజమే. ప్రభుత్వం కూడా 2022లో ర్యాంకుల ప్రకటనలు వెయ్యొద్దని బడులకి ఉత్తర్వు ఇచ్చి, వేస్తే జైలన్నంత పని చేసింది. ఫ్లెక్సీలు దాన్ని కూడా తట్టుకుని నిలబడ్డాయి. సంబరం మనుషులకి ఆకలిలాంటిది, జీవోతో చావదు. దాన్ని ఆపే బదులు దారి మళ్లించడం సులువు, ఎలాగో మదనపల్లెకే తెలుసు. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు విశ్రాంతికని మదనపల్లె బిసెంట్ కాలేజీకి వచ్చి ఉన్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ పిలిచారు, ఠాగూరు ‘జనగణమన’ పాడారు, కజిన్స్ గారి భార్య మార్గరెట్ స్వరాలు రాసుకున్నారు, ఆ పాటకి ఇంగ్లీషు అనువాదం ఠాగూరు అక్కడే చేశారు. మదనపల్లె ఇప్పటికీ గర్వంగా చెప్పుకునే సంఘటన ఇది. అందులో పిలిచినవారు ఒకరు, పాడినవారు ఒకరు, రాసుకున్నవారు ఒకరు. ముగ్గుర్నీ కలిపి తలుచుకోవడం ఆ ఊరికి వందేళ్లుగా చేతనైనప్పుడు, ఒక పదో తరగతి పిల్ల వెనక ఉన్న పదిహేనుమంది పేర్లు చదవడం చేతకాకపోదు. పెద్ద ఖర్చేమీ లేదు. హైస్కూల్లో సన్మానసభ పెట్టిన రోజు ఆ పిల్లకి అక్షరాలు దిద్దించిన పల్లెబడి టీచరుని కూడా పిలిచి, ఆ పిల్ల చేతే శాలువా కప్పించడం. ఈ ఏడాది ఏ ఇద్దరు సార్లు కలిసి ఏ చిక్కు విప్పారో, ఆ భిన్నాల సంగతి ఏమైందో, పిల్లల తల్లిదండ్రుల ముందు అయిదు నిమిషాలు చెప్పించడం. అది వింటున్న పక్క ఊరి హెచ్ఎం గారికి అసూయ పుడితే మరీ మంచిది, ఆయన ఊళ్లో కూడా ఇద్దరు సార్లు కలిసి కూర్చుంటారు.

నాకున్న భయం ఒక్కటే. ఇది పైవాళ్ల చెవిన పడి, నచ్చి, అమల్లోకి వస్తే! మరుసటి నెలలోనే ఒక యాప్ దిగుతుంది. హాజరు ఫొటో, మధ్యాహ్న భోజనం ఫొటో అయ్యాక, ఉదయం పదిలోగా సహకారం ఫొటో ఎక్కించాలి. లెక్కల సారూ భౌతికశాస్త్రం సారూ ఒకరి భుజాన ఒకరు చెయ్యి వేసుకుని, మరో చేత్తో ఫోన్ పైకెత్తి, సిగ్నల్ కోసం బడి మిద్దె ఎక్కుతారు. కింద తరగతిలో పిల్లలు ఇంకా భిన్నాల దగ్గరే ఉంటారు.