బీపీ మాత్రకు తోక మొలిచింది

కుక్కను సాకితే బీపీ తగ్గుతుందట. గుండెపోటు దగ్గరికి రాదట. దిగులు పోతుందట, నిద్ర పడుతుందట, పిల్లలు చురుగ్గా తయారవుతారట. ఇన్ని గుణాలున్న మందును ఎవరైనా మన నంద్యాల జిల్లా ఆత్మకూరు బస్టాండు దగ్గర సీసాల్లో పోసి అమ్మితే, "ఏం సామీ, మోకాళ్ల నొప్పులకు గూడ పనిజేస్తాదా?" అని ఓ చురక అంటించి బస్సెక్కుతాం. అదే మందుకు నీలి కళ్లు, ఒంటినిండా బొచ్చు, వేలల్లో ధర ఉంటే మాత్రం చేతులు కట్టుకుని వింటాం.

ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. 1980లో అమెరికాలో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం గుండెజబ్బుతో ఆస్పత్రిలో చేరిన 92 మందిని ఏడాదిపాటు గమనించింది. ఇంట్లో పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురు పోయారు. లేని 39 మందిలో 11 మంది పోయారు. లెక్క నిజమే. ఆ 92 మంది భుజాల మీద ఇప్పటికి నాలుగు దశాబ్దాలుగా ఎంత వ్యాపారం ఊరేగుతోందో చూస్తే వాళ్లకే మళ్లీ గుండె ఆగుతుంది. పెడిగ్రీ అనే కుక్కల తిండి అమ్మే మార్స్ కంపెనీకి పెంపుడు జంతువుల మీద పరిశోధించే సంస్థ కూడా సొంతంగా ఉంది. జాతకం చెప్పేవాడే తాయెత్తు కూడా అమ్ముతాడు, అందులో వింతేముంది.

2010లో ఆస్ట్రేలియాలో 424 మంది గుండె రోగుల మీద ఇలాగే లెక్క కడితే ఫలితం తిరగబడింది. జంతువులున్నవాళ్లే, అందులోనూ పిల్లులున్నవాళ్లే, మళ్లీ ఆస్పత్రి పాలవడమో ప్రాణాలు పోవడమో ఎక్కువ. ఈ సంగతి మన వాట్సాప్ దాకా ఎందుకో రాలేదు. 2013లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ఆచితూచి ఓ మాట చెప్పింది: కుక్క ఉంటే గుండెకు కొంత మేలు ఉండొచ్చు, కానీ కేవలం గుండె కోసమని కుక్కను తెచ్చుకోకండి. మొదటి సగం మన ఫోన్లలోకి వచ్చింది. రెండో సగం దారిలోనే దిగిపోయింది.

అసలు గుట్టు విప్పింది 2017లో కాలిఫోర్నియా లెక్క. 5,000కు పైగా ఇళ్లలోని పిల్లల్ని పోల్చి చూశారు. కుక్కో పిల్లో ఉన్న ఇళ్ల పిల్లలు నిజంగానే ఆరోగ్యంగా కనబడ్డారు. తర్వాత ఆ ఇళ్ల ఆదాయం, సొంతిల్లా అద్దిల్లా వంటివన్నీ లెక్కలోకి తీసుకునేసరికి కుక్క మహిమ కాస్తా ఆవిరైపోయింది. డబ్బున్న ఇంట్లో పిల్లలు బాగున్నారు, ఆ ఇంట్లోనే కుక్క కూడా ఉంది. అంతే కథ. ఆత్మకూరులోనైనా అంతే. సొంతిల్లు, ప్రహరీ గోడ, అప్పుల్లేని నిద్ర, కుక్క స్నానానికి కూడా మిగిలేన్ని నీళ్లు ఉన్న ఆసామికి బీపీ అదుపులో ఉంటే, ఆ ఘనతను తీసుకుపోయి తోకకు కడతారా?

ఇంకా నమ్మకం కుదరకపోతే బైర్లూటి గూడేనికి పదండి, ఎంతో దూరం లేదు. నల్లమల చెంచులకు కుక్క నిన్నామొన్న వచ్చిన ముచ్చట కాదు. కృష్ణకు అవతల అమ్రాబాద్ చెంచుల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1943లో అచ్చువేసిన పుస్తకంలోనే వాళ్ల వెంట కుక్కలున్నాయి. వేటకు కుక్క, కాపలాకు కుక్క, రాత్రి గుడిసె ముందు మొరిగేదీ కుక్కే. కుక్కతోనే ఆయుష్షు పెరిగేదైతే ఈ పాటికి గూడెం నిండా నూరేళ్ల తాతలే కనబడాలి. మరి రక్తహీనత, మలేరియా, పెద్దాస్పత్రి దూరం, వీటి సంగతేమిటి? కుక్క ఇవ్వగలిగిందంతా ఇచ్చింది. రోడ్డు, డాక్టరు, కడుపునిండా తిండి దాని చేతిలో లేవు. ఈ గూడేలకు ఆరోగ్య పథకంగా కుక్కపిల్లల్ని పంచుదామని ఇంతవరకు ఏ అధికారీ అనలేదు. ఆ మాత్రం వివేకం సర్కారుకు ఉందన్నమాట, మెచ్చుకోవాలి.

ఊళ్లో ఎనుముల్ని సాకే అవ్వ సంగతీ చూడండి. తెల్లారకముందే పేడ ఎత్తుతుంది, మేత వేస్తుంది, పాలు పితుకుతుంది, ఎనుముతో కష్టసుఖాలు చెప్పుకుంటుంది. జంతువు పక్కన గడిపిన గంటల్నే లెక్కేస్తే ఈమెను మించిన ఆరోగ్యవంతురాలు జిల్లాలో ఉండకూడదు. అడిగి చూడండి: "నడుం ఇరిగిపోతాంది నాయనా, ఇది ఈనినాక అమ్మేస్తా" అంటుంది. ఆమె మీద ఎవరూ పరిశోధన చేయరు. ఎనుముకు నీలి కళ్లు లేవు.

నీలి కళ్లంటే హస్కీ గుర్తొచ్చింది. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన కుక్క అది. దాన్ని తెచ్చి, ఎండాకాలంలో 44 డిగ్రీలు కాసే నంద్యాల జిల్లాలో, యజమాని బీపీ తగ్గించే ఉద్యోగంలో పెట్టారు. పాపం అది మధ్యాహ్నం బండల మీద పొట్ట ఆనించి, నాలుక బారెడు చాపి రొప్పుతుంటుంది. దాని కోసం ఏసీ, ఏసీ కోసం కరెంటు బిల్లు, దాని బొచ్చు కోసం షాంపూ, దాని చర్మానికి మందులు. బిల్లులన్నీ వచ్చాక యజమాని బీపీ ఎంతుందో చూసిన పరిశోధన మాత్రం నా కంట పడలేదు. ఇంతకీ ఆ కుక్క బీపీ ఎవరైనా చూశారా?

"కుక్క వల్ల పొద్దున్నే నడుస్తాం కదా" అంటారు. ఈ ఒక్క మాటకు నేనూ తలూపుతాను. కానీ మేలు చేసింది నడక, గొలుసు కాదు. ఉగాది వస్తే కర్ణాటక నుంచి మల్లన్న భక్తులు ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, నాగలూటి దారిన అడవిలో పడి శ్రీశైలం దాకా నడిచిపోతారు. ఏ కుక్కా వాళ్లను లాక్కుపోలేదు. మన ఆసామి చూడబోతే బుల్లెట్ మీద కూర్చుని కుక్కను వెనక పరిగెత్తిస్తాడు. గుండెకు మేలంటూ జరిగితే అది కుక్క గుండెకే.

ఇంకో సంగతి, మనం ఉన్నది పులుల అడవి అంచున. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం మన గడపలో ఉంది. 2023 మార్చిలో పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడపులి పిల్లలు తల్లి లేకుండా దొరికితే, వీధికుక్కలు మీద పడకుండా ఊరివాళ్లే వాటిని గదిలో పెట్టి కాపాడారు. ముద్దొచ్చే పిల్లల్ని చూస్తే బీపీ తగ్గాలి కదా, అటవీ శాఖవాళ్లకు మాత్రం నిద్ర లేకుండా పోయింది. తల్లి దగ్గరికి చేర్చబోయారు, కుదరలేదు, చివరికి తిరుపతి జూకు తరలించారు. అప్పుడు కుక్కల పళ్లకు భయపడ్డాం గానీ, కుక్క నుంచి పులికి డిస్టెంపర్ అనే రోగం కూడా అంటుతుంది. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో 23 సింహాలు చనిపోయినప్పుడు ఈ వైరస్సే బయటపడింది. టీకా వేయించని కుక్కను అడవి అంచున వదిలేసి, నా గుండె బాగుందని మురిసిపోవడం ఏ రకం ఆరోగ్యమో!

ఇక రేబిస్ ఉండనే ఉంది. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. కుక్కతో వచ్చే మేలు ఇరవై రకాలుగా వల్లించే మనిషి, అదే కుక్క కరిస్తే పుండు మీద కారం చల్లుతాడు, సున్నం పూస్తాడు, పసరు పోసే ఆయన కోసం ఊరూరా తిరుగుతాడు. చేయాల్సింది అదేం కాదు. పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆస్పత్రికి పోయి సూది వేయించుకోవాలి. చెప్పిన తేదీలన్నీ తప్పకుండా పూర్తి చేయాలి.

కుక్కను సాకొద్దని నేననను. ప్రేమ ఉంటే సాకండి. ధర పలకకపోయినా, నీలి కళ్లు లేకపోయినా, మన ఎండకు పుట్టిన వీధి కుక్కపిల్లే మేలు. దాన్ని మందుబిళ్లగా మాత్రం చూడకండి, మీ బీపీ మాత్ర మీరే వేసుకోండి. పాశ్చర్ 1885లో తొలి రేబిస్ టీకా వేసిన జూలై 6న, ఏటా జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటే రోగాల) దినమని పశువుల ఆస్పత్రుల్లో కుక్కలకు ఆ టీకా ఊరికే వేస్తారు. ఈసారి మీ హస్కీని కూడా వరసలో నిలబెట్టండి. అక్కడ ఏసీ ఉండదు, కాస్త పొద్దున్నే రండి.