పిల్లలు పడుకున్నప్పుడే పడుకోండి

అమెరికాలో ఉన్న పిల్లలతో ఎప్పుడు మాట్లాడాలో తెలియక చాలామంది తల్లిదండ్రులు వేళ్లు మడిచి లెక్కలు వేస్తుంటారు. ఆ అవస్థ అక్కర్లేదు. నేనుండేది కాకినాడ, మా అమ్మాయి ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. నాలుగేళ్లుగా మా ఇల్లు ఫ్రిస్కో టైము మీదే నడుస్తోంది. మీరూ అలాగే చెయ్యండి.

ముందు హాల్లో గోడగడియారం మార్చండి. చలికాలంలో తేడా 11 గంటల 30 నిమిషాలు. కాబట్టి ముల్లు అరగంట ముందుకు జరిపితే చాలు, పగలు రాత్రవుతుంది. మన పొద్దున్న 7:30 వాళ్లకి ముందురోజు రాత్రి 8. మీరు ఇడ్లీ తినే వేళకి వాళ్లు అన్నం తింటారు. ఫోను చెంబుకి ఆనించి పెట్టుకుని ఆ పూట కలిసి తినండి.

అసలు సంగతి నిద్ర. అక్కడ రాత్రి 11 నుంచి పొద్దున్న 6 దాకా అంటే మనకి పగలు 10:30 నుంచి సాయంత్రం 5:30. పడుకోవలసింది అప్పుడు. రాత్రంతా మేలుకోవాలి. పిల్ల హైవే మీద కారు నడుపుతున్నప్పుడు, ఆఫీసులో మాట పడ్డప్పుడు, ఒంట్లో బాగోక పెందలాడే ఇంటికొచ్చినప్పుడు మనం ముసుగుతన్ని పడుకోవడమేమిటి? అది పురిట్లో ఉన్నప్పుడు ఎన్ని రాత్రులు మేలుకోలేదు!

పగటినిద్ర బీపీకి మంచిది కాదని డాక్టరుగారు అంటారు. ఆయన పిల్లలు ఊళ్లోనే ఉన్నారు. సూర్యుణ్ణి బట్టి నడుచుకోవాలని మా ఆవిడ అనేది. దేశం టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరే పోతుంది కాబట్టి ఇక్కడ గడియారం, ఎండ ఇంచుమించు కలిసే ఉంటాయి. ఫ్రిస్కోలో అలా కాదు. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఒంటిగంటన్నర అవుతుంది, జూన్‌లో రాత్రి 8:30 దాకా వెలుతురే. వాళ్ల గడియారమే సూర్యుడి మాట విననప్పుడు మనం వినాలని ఏముంది?

పగలు కిటికీలకి దుప్పట్లు కట్టండి. కాలింగ్ బెల్ తీగ పీకెయ్యండి. గ్యాస్ బండ ఎదురింట్లో దింపిస్తారు. చుట్టాల పెళ్లిళ్లలో పగటి ముహూర్తాలు మానెయ్యండి, రాత్రివి వదలకండి. బ్యాంకు పనులు నవంబరు నుంచి మార్చి లోపలే చూసుకోవాలి, ఎందుకంటే వేసవిలో తేడా 10 గంటల 30 నిమిషాలకి తగ్గి మన పడక 9:30కే పడుతుంది. బ్యాంకు తలుపు తీసేది 10కి.

పండగల్లో మాత్రం పొరపాటు రానివ్వకండి. తిథి ముగిసే క్షణం భూమంతటికీ ఒకటే, సూర్యోదయం వేరు. అందుకని ఒక్కోసారి చవితి వాళ్లకి ఒకరోజు ముందే వస్తుంది. పిల్ల పత్రి పెట్టిన రోజే మనమూ పెట్టాలి. పంతులుగారు రానంటే కథ మీరే చదువుకోండి.

రాత్రి ఒంటిగంటన్నరకి ఫోను ఎత్తితే, "నాన్నా, నీకు దణ్ణం పెడతాను, పడుకో" అంటుంది మా అమ్మాయి. మీ పిల్లలూ అంటారు. వినకండి. ఆ మాట చెప్పించుకోవడానికైనా మేలుకుని ఉండాలి కదా.

ఏడాదికి రెండుసార్లు ముల్లు మార్చాలి. మార్చి రెండో ఆదివారం మన మధ్యాహ్నం 1:30కి గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం 12:30కి గంట వెనక్కి. రెండూ మన నిద్రలోనే పడతాయి కాబట్టి అలారం పెట్టుకుని లేవాలి. నిద్రకళ్లతో స్టూలు ఎక్కుతాం, పట్టుకోవడానికి ఒక మనిషిని పిలుచుకోండి. నవంబరులో అయితే దిగి మళ్లీ పడుకోండి. ఆ రోజు పిల్ల ఇంకో గంట నిద్రపోతుంది.